అడుగున మోగే తీగ కోసం నాచారం దాకా

శనివారం పొద్దున పదింబావుకు నేనూ, మా ఆవిడ రమా హన్మకొండలో ఉప్పల్ బస్సు ఎక్కాం. ఎక్స్‌ప్రెస్ బస్సే కావాలని రమ పట్టుబట్టింది. అందులో అయితే ఆడవాళ్ళకు జీరో టికెట్టు. కండక్టరమ్మ నన్ను "ఎందాక?" అని రెండుసార్లు అడగాల్సి వచ్చింది. మొదటిసారి నాకు వినపడలేదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే నేను ఈ ప్రయాణాలు మొదలుపెట్టిందే నా చెవుల వల్ల.

మా ఊరి బయట ఒక గ్రానైటు కార్ఖానాలో ఇరవై ఆరేళ్ళుగా రాయి కోసే మిషన్ మీద పని చేస్తున్నాను. గుండ్రటి రంపం రాయిలోకి దిగేటప్పుడు వచ్చే కీచు శబ్దం గోడ అవతల ఉన్నవాడికి కూడా పళ్ళు జివ్వుమనిపిస్తుంది. నాలుగేళ్ళ కిందట ఇంట్లో కుక్కరు విజిల్ వేయడం మానేసిందనుకున్నాను. అది వేస్తూనే ఉంది. పిచ్చుకల అరుపు, ఫోను గంట, రమ కాలి పట్టీల చప్పుడు ఒక్కొక్కటే పోయాయి. డాక్టరు చెవిలో యంత్రం పెట్టి చూసి, "సన్నటి శబ్దాలు పోయినయి. అవి మళ్ళ రావు. లావు శబ్దాలకు మాత్రం మీ చెవి బాగనే ఉంది. ఉన్నదాన్ని కాపాడుకోండి" అన్నాడు. ఇప్పుడు పనిలో చెవులకు డిప్పలు పెట్టుకుంటున్నాను. కానీ పాటలు వినడం మానేశాను. పాడేవాళ్ళ మాటలు నోట్లో ముద్ద పెట్టుకుని పాడుతున్నట్టుండేవి. పాట అంటే ప్రాణం పెట్టినవాడికి అదొక బాధ.

అప్పుడు శ్రీశైలం ఒక వీడియో పంపాడు. శ్రీశైలం అంటే మా మరదలు ఉమ భర్త, నా షడ్డకుడు. నాచారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ చూస్తాడు. వాళ్ళ కంపెనీ ల్యాబులో పనిచేసే కల్పన మేడం సాయంత్రాలు ఒక రాక్ బృందంలో వాయిస్తుందట. బృందం పేరు 'మూడో షిఫ్టు'. నలుగురూ ఆ చుట్టుపక్కల పనిచేసుకునేవాళ్ళే. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. గొంతు సగమే వినపడింది, గిటారు ఎక్కడో దూరాన గీసినట్టుంది. వాటన్నిటి కింద ఒక శబ్దం మాత్రం మొత్తంగా, అంచులతో సహా వినపడింది. అది కల్పన వాయించే బేస్ గిటారు. నాలుగు లావు తీగలు, పొడుగాటి మెడ. ఆ రాత్రి ఆ వీడియో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. తర్వాత రెండు కచేరీలకు వెళ్ళొచ్చాను. ఇది మూడో ప్రయాణం. శనివారం సాయంత్రం నాచారంలో ఒకటి, ఆదివారం పొద్దున ఉప్పల్‌లో ఒకటి అని శ్రీశైలం చెప్పగానే రమ కూడా బయలుదేరింది. చెల్లెల్ని చూసి రావడానికి గానీ పాట కోసం కాదని ముందే చెప్పింది.

జనగామలో మా పక్క సీట్లోకి జామపండ్ల గంపతో ఒక పెద్దాయన ఎక్కాడు. పండ్లు ఉప్పల్ మార్కెట్టుకట. ఎక్కడికని అడిగితే కచేరీకన్నాను.

"ఎవ్వలు పాడుతున్నరు?"

"పాడేవాళ్ళ కోసం కాదు. వెనక గిటారు వాయించే ఆమె కోసం."

ఆయన "గిటారు కోసం గింత దూరమా?" అని, జాలిపడ్డాడో ఏమో, చెరో జామపండు చేతిలో పెట్టాడు. పండు బాగుంది, లోపల గులాబీ రంగు.

భువనగిరి దాకా బస్సు బాగానే వచ్చింది. నారపల్లి దాటాక ఫ్లైఓవర్ స్తంభాల మధ్య దుమ్ములో నత్తలా నడిచింది. ఉప్పల్ రింగురోడ్డులో దిగేసరికి రెండయింది. అక్కడ ఆకాశంలో కట్టిన నడకదారి ఎక్కి అవతలికి దిగి, నాచారం పోయే షేరాటో పట్టుకున్నాం. ఈ దారిలో వచ్చేవాళ్ళకు ఒక మాట. ఆటోవాడు "ఇద్దరు పడతరు" అంటే నలుగురు పడతారని అర్థం. రమ ఒళ్ళో సంచీ, సంచీ మీద ఎవరిదో హెల్మెట్టు, అలా చేరాం.

ఉమ బగారా అన్నం, కోడికూర చేసి పెట్టింది. తిన్నాక కునుకు తీయబోతే శ్రీశైలం కూర్చోనివ్వలేదు.

"కంపెనీల ఆమెను సూస్తే మాకు గజగజ అన్నా. ఒక్క సీసా మీద లేబుల్ జర వంకరున్నా మొత్తం వాపస్ పంపుతది. నవ్వంగ నేనైతె సూడలే. స్టేజీ ఎక్కితె ఇంకో మనిషి."

కచేరీ అయిదున్నరకు. రమ కూడా మా వెంట వచ్చింది. ఒకప్పుడు బోల్టులు చేసిన రేకుల షెడ్డును ఇప్పుడు ఇలాంటివాటికి అద్దెకిస్తున్నారు. మనిషికి రెండు వందలు, చాయ్ అందులోనే. ఇనుప స్తంభాలు, నల్లబడ్డ సిమెంటు నేల, ఓ మూల ఇంకా నూనె వాసన. నూటయాభై మంది ఉంటారు, ఎక్కువమంది కుర్రవాళ్ళు, కొందరు యూనిఫాం మీదే వచ్చారు. నేను ఎప్పటిలాగే చెవుల్లో స్పాంజి బిరడాలు పెట్టుకుని వెనక స్తంభం దగ్గర నిలబడ్డాను. స్పీకర్ల దగ్గరికి పోవద్దని డాక్టరు ఆజ్ఞ. ఆ బిరడాలు కూడా సన్నటి శబ్దాన్నే ఎక్కువగా ఆపుతాయి. కల్పన వాయించేది వాటిని దాటుకుని వస్తుంది.

నలుగురూ వచ్చి నిలబడ్డారు. కల్పనకు నలభై ఉంటాయి. కాటన్ కుర్తా, బిగించి వేసిన జడ, కళ్ళద్దాలు. ముందుకు రాదు, డ్రమ్స్ పక్కనే ఒక అడుగు వెనక నిలబడుతుంది. ఆమె వాయించే తీరు నాకు అర్థమైనంత మేరకు చెబుతాను. గిటారు మీటే ప్లాస్టిక్ ముక్కతో కొట్టదు, రెండు వేళ్ళ మెత్తలతో తీగను లాగి వదులుతుంది. అందుకే శబ్దం గుండ్రంగా వస్తుంది, గరుకు ఉండదు. డ్రమ్స్ వాయించే కుర్రాడు కాలితో పెద్ద డ్రమ్మును తన్నినప్పుడల్లా ఆమె తీగ సరిగ్గా అదే క్షణాన పలుకుతుంది. రెండు శబ్దాలు కావవి, ఒకటే. దెబ్బ అతనిది, దాని ఒళ్ళు ఆమెది. అన్నిటికన్నా నాకు నచ్చేది ఆమె ఆపడం. తీగ కొట్టడం ఎవరైనా నేర్చుకుంటారు. అది ఎంతసేపు మోగాలో, ఎప్పుడు ఎడమచేతి వేలు ఎత్తి దాని నోరు మూయాలో ఆమెకు తెలుసు. పల్లవి తిరిగి వచ్చే ముందు ఒక్క దెబ్బకు చోటు వదిలి ఊరుకుంటుంది. ఆ ఖాళీలో మనం ముందుకు తూలుతాం. వెంటనే అన్నిటికన్నా లావు తీగ పలుకుతుంది, కాళ్ళ కింద నేల దొరికినట్టుంటుంది.

నాలుగో పాట వరకు హాయిగా సాగింది. అయిదో పాట మొదట్లో ముందువరుసలో జనం చెవులు మూసుకోవడం కనపడింది. ఏమైందో నాకు తెలియలేదు. పాడే అబ్బాయి మైకు కూత పెట్టిందట. ఎవరో వేదిక ముందుకు ఉరికారు, వైర్లు జరిపారు. మళ్ళీ పాట అందుకున్నారు.

కానీ నాకు బేస్ వినపడలేదు.

కల్పన వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి. తల కొంచెం వంచి, కళ్ళు సగం మూసి వాయిస్తోంది. శబ్దం మాత్రం లేదు. నాకు మిగిలినవన్నీ అట్టపెట్టెలో గులకరాళ్ళు పోసి ఊపినట్టున్నాయి. చెవుల్లోంచి బిరడాలు తీశాను. లేదు. ఇటు తిరిగాను, అటు తిరిగాను. లేదు. డాక్టరు ఉందన్నది కూడా పోయిందనుకున్నాను. ఇక్కడ, ఈ షెడ్డులో, నిలబడ్డ చోటనే. రమ నా ముఖం చూసి దగ్గరికొచ్చి ఏదో అడిగింది. పెదాలు కదలడమే చూశాను.

నిలదొక్కుకోవడానికి పక్కనున్న ఇనుప స్తంభం మీద చెయ్యి వేశాను. మొదటి పాట నుంచీ ఆ స్తంభం సన్నగా వణుకుతూ ఉంది. చాలాసేపు దానికి ఆనుకునే నిలబడ్డాను కాబట్టి నాకు తెలుసు. ఇప్పుడు వణకడం లేదు. డ్రమ్ము తన్నినప్పుడు ఒక్కసారి అదిరి ఊరుకుంటోంది, అంతే. అరచెయ్యి గట్టిగా అదిమి చూశాను. నా చెవి అబద్ధం చెప్పొచ్చు గానీ ఇనుముకు ఏం పని? పోయింది నా చెవి కాదు. శబ్దమే రావడం లేదు.

శబ్దం చూసే నవీన్ అనే కుర్రవాడు షెడ్డు మధ్యలో మిక్సర్ పెట్టిన బల్ల ముందు కూర్చున్నాడు. జనాన్ని తోసుకుంటూ అక్కడికి వెళ్ళాను.

"తమ్మీ, బేస్ వస్తలేదు."

అతను తల ఎత్తలేదు. "వస్తుందంకుల్. మీకు వినపడుతలేదేమో."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అయినా కదలలేదు. "వస్తలేదు. జర సూడు."

"మైకు కూతబెట్టి నా పానం తీస్తుంటే ఇప్పుడు బేస్ ఏందంకుల్?"

"నాకు ఆ కూత వినపడదు తమ్మీ. నా చెవులు గట్లాంటివి. నాకు మంచిగ వినపడేది అదొక్కటే. అదే పోయింది."

అప్పుడు నా ముఖంలోకి చూశాడు. తర్వాత బల్ల మీద వరుసగా వెలుగుతున్న చిన్న దీపాలకేసి చూశాడు. ఒక వరుస నల్లగా ఉంది. "అరె!" అని లేచి ఉరికాడు. వైర్లు జరిపినప్పుడు ఎవరి కాలో తగిలి, కల్పన స్పీకరు పెట్టె నుంచి ఈ బల్లకు వచ్చే వైరు ఊడిపోయింది. ఆమె వెనకున్న సొంత స్పీకరులో ఆమెకు వినపడుతూనే ఉంది, అందుకే తెలియలేదు. నవీన్ తిరిగొచ్చి మీట మెల్లగా పైకి జరిపాడు.

ఆరో పాట సగంలో ఉంది. ముందు నా అరికాళ్ళకు తెలిసింది, తర్వాత పొట్టకు, తర్వాత చెవికి. చుట్టూ చూశాను. అంతవరకు ఫోన్లు చూసుకుంటున్న పిల్లలు తలలెత్తారు. యూనిఫాంలో ఉన్న ఒకతను మడమతో తాళం వేయడం మొదలుపెట్టాడు. పక్కవాళ్ళ భుజాలు కదిలాయి. ఏం మారిందో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. రమ నా మోచెయ్యి పట్టుకుని, "ఏమైందయ్యా?" అంది. "ఏం కాలే, అంతా మంచిగనే ఉంది" అన్నాను. నిజంగానే అంతా బాగుంది.

కచేరీ అయ్యాక శ్రీశైలం నన్ను వేదిక పక్కకు తీసుకుపోయాడు. కంపెనీలో మాట్లాడినట్టే చేతులు కట్టుకుని, "మేడం, మా అన్న. హన్మకొండ నుంచి మీ వాయింపు విననీకే వచ్చిండు. వైరు సంగతి కూడ ఈయనే పట్టిండు" అన్నాడు.

కల్పన గిటారు తుడుస్తోంది. ఆగి, "నా కోసం వచ్చిన్రా? పాడేటోళ్ళ కోసం వస్తరు గానీ..." అంది. నేను నా చెవుల కథ చెప్పాను. ఆమె మధ్యలో మాట్లాడకుండా మొత్తం వింది. తర్వాత పెద్దగా నవ్వింది. శ్రీశైలం ఆశ్చర్యపోయి చూశాడు.

"ఆ పాట మస్తు వాయించిన అనుకున్న సార్. ఇయాల నా చెయ్యి మంచిగ పడ్డదని మురిసిన. తీరా ఎవ్వళ్ళకు వినపడనేలేదా!" నవ్వు ఆపి గొంతు తగ్గించింది. "పదకొండేండ్ల సంది వాయిస్తున్న. మొన్న మా వాళ్ళల్ల ఒకరన్నరు, బేస్ రికార్డు చేసి ల్యాప్‌టాప్ల పెట్టుకుంటె అయిపోతది గదా, మోసుడు తక్కువైతదని. నేను కూడ గట్లనే అనుకుంటున్న. నేను లేకుంటె ఎవ్వలకు తెలుస్తదని."

"తెలిసింది గదా మేడం. లేనప్పుడు అందరు ఫోన్లు సూసుకున్నరు. రాంగనే లేసిన్రు. వాళ్ళకు తెల్వదు గానీ వాళ్ళ కాళ్ళకు తెలుసు."

ఆమె తుడుస్తున్న గుడ్డను మడిచి మళ్ళీ విప్పింది. "రేపు పొద్దుగాల ఏడింటికల్లా ఉప్పల్ పార్కుకు రాగల్గుతరా? దూరంగ వెనక నిలబడి ఎట్లొస్తుందో చెప్పాలె. మాకు స్టేజీ మీద ఏం తెల్వదు."

ఆ రాత్రి తొందరగా పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. నా చెవుల్ని ఒకరు పనికి పిలవడం ఇదే మొదలు.

ఆదివారం ఆరున్నరకే శ్రీశైలం బండి మీద నన్ను ఉప్పల్‌లోని ఆ కాలనీ పార్కు దగ్గర దింపాడు. చలికాలం, పొగమంచు ఇంకా విడలేదు. మంకీ టోపీలు పెట్టుకున్న ముసలివాళ్ళు చుట్టూ నడుస్తూ, వేదిక కడుతున్నవాళ్ళను అనుమానంగా చూస్తున్నారు. ఒకాయన నన్నాపి, "భజననా?" అన్నాడు. రాక్ సంగీతం అన్నాను. "పొద్దుగాలనా!" అని నడక వేగం పెంచాడు.

ఏడుంబావుకు కల్పన తీగలు మీటుతుంటే నేను పార్కంతా తిరిగాను. వేదిక ముందు శబ్దం సరిగ్గా ఉంది. వెనక ప్రహరీగోడ దగ్గరకు వెళ్ళేసరికి మాత్రం అది గోడకు కొట్టుకుని ఉబ్బిపోయి బుంయ్యిమంటోంది. ఒక దెబ్బ ఇంకో దెబ్బలో కలిసిపోతోంది. ఆమె అంత శ్రద్ధగా వదిలే ఖాళీలన్నీ పూడిపోతున్నాయి. చెయ్యి కిందికి ఊపాను.

నవీన్ నమ్మలేదు. "తగ్గించాల్నా? మీకు బేస్ అంటే పానమంటిరి?"

"పానమే. అందుకే తగ్గించమంటున్న. ఆమె ఆపినప్పుడు ఆగాలె."

కల్పన మైకులో, "ఆయన చెప్పినట్టే చెయ్ నవీన్" అంది. రెండుసార్లు తగ్గించారు, స్పీకర్లను గోడవైపు నుంచి కొద్దిగా తిప్పారు. మూడోసారి నేను రెండు చేతులూ ఎత్తాను. ఆమె అక్కడి నుంచే తల ఊపింది.

ఎనిమిదిన్నరకు మొదలైంది. రమా ఉమా కూడా వచ్చారు. సిమెంటు బెంచీ మీద కూర్చున్నాక రమ అడిగింది, "అన్ని కలిసి ఒక్కటే లొల్లి లెక్క వినపడుతుంది నాకు. నువ్వు వినేది ఏది అందుల?"

చెప్పడం కష్టమనిపించింది. ఆమె అరచెయ్యి తీసుకుని నా తొడ మీద పెట్టుకున్నాను. కల్పన తీగ పలికినప్పుడల్లా నా వేలితో ఆమె చేతిలో తట్టాను. అది ఎంతసేపు మోగితే అంతసేపు వేలు అదిమి ఉంచాను. ఆగగానే తీసేశాను. ఒక చరణం గడిచింది. రమ కనుబొమలు ముడిచి వేదికకేసి చూస్తోంది. రెండో చరణంలో నేను ఒకచోట తప్పుగా ముందే తట్టాను.

"ఇంకా రాలే" అంది రమ.

ఆమె చెయ్యి వదిలేశాను. ఆ తర్వాత పాటంతా ఆమె మోకాలి మీద ఆమె వేలే ఆడింది. పల్లవికి ముందు ఆ ఖాళీ వచ్చినప్పుడు వేలు గాల్లో ఆగింది. లావు తీగ పలకగానే దిగింది. నావైపు చూసి నవ్వింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో మేమిద్దరం ఒకే శబ్దాన్ని ఇంత దగ్గరగా విన్నది ఇదే మొదటిసారి అనుకుంటాను.

చుట్టూ నడిచే ముసలివాళ్ళలో కొందరు ఆగిపోయారు. భజననా అని అడిగినాయన మా వెనక బెంచీ మీద కూర్చుని, మంకీ టోపీ చెవుల మీద నుంచి పైకి మడిచాడు.

పదింటికి ముగిసింది. కల్పన గిటారు పెట్టెలో పెట్టి, దాన్ని మోసుకుంటూ మా దగ్గరికి వచ్చింది. ఆమె వెనకాలే డ్రమ్స్ కుర్రాడు. "అక్కా, ఇయాల నువ్వు ఆపిన కాడ నాక్కూడ సాఫ్‌గ వినపడ్డది. ఎన్నడు గిట్ల వినలే" అన్నాడు. ఆమె నావైపు తిరిగి అంది, "ల్యాప్‌టాప్ ముచ్చట బంద్ సార్. నేనే మోసుకుంట."

రోడ్డు అవతల బండి దగ్గర అందరం ఇడ్లీ తిన్నాం. ఆమె కూడా నిలబడే తింది. ప్లేటు అంచు సరిగ్గా కడగలేదని బండివాడికి వాపస్ ఇచ్చింది. శ్రీశైలం నా చెవిలో, "సూసినవా అన్నా" అన్నాడు.

పదకొండున్నరకు ఉప్పల్ రింగురోడ్డులో హన్మకొండ బస్సు దొరికింది. కిటికీ పక్క రమ, మధ్యలో నేను, ఇటు చివర ఘట్‌కేసర్‌లో ఎక్కిన ఒక పెద్దమ్మ. పెద్దమ్మ మా సంచీలు చూసి, పెండ్లికి పోయొస్తున్నారా అని అడిగింది. నాకు సరిగ్గా వినపడేలోపే రమ నా మీదుగా ముందుకు వంగి జవాబు చెప్పింది.

"కాదమ్మా, కచేరీకి. అందుల ఒకామె ఉంటది. ముందట నిలబడదు, ఎనక నిలబడతది. అందరు పాడెటోళ్ళనే సూస్తరు గానీ, పాటను మోసేది ఆమెనే."

"ఆమె గూడ పాడుతదా?"

"పాడదు. ఆమె చెయ్యి ఆపితె సూడాలె నువ్వు."

పెద్దమ్మకు ఏం అర్థమైందో గానీ తల ఊపింది. రమ మోకాలి మీద వేలితో చూపించడం మొదలుపెట్టింది. నేను వెనక్కి ఆనుకుని కూర్చున్నాను. వెళ్ళాలనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. స్పీకర్లకు దూరంగా నిలబడండి, వీలైతే ఒక స్తంభం పక్కన. మొదటి రెండు పాటలు ఏమీ వెతక్కండి. మూడోదాంట్లో మీ కాళ్ళు దేన్ని పట్టుకుని కదులుతున్నాయో గమనించండి. అక్కడే ఉంటుంది ఆమె. నాకు పోయినవి పోయాయి, వాటి కోసం ఇప్పుడు వెతకడం లేదు. భువనగిరి గుట్ట కిటికీలోంచి కనపడే వేళకు రమ పెద్దమ్మకు మొదటి పాట పూర్తిచేసి రెండోది ఎత్తుకుంది.